నైరుతి తలుపు

9-3-2007, శుక్రవారం. తెనాలి

మధ్యాహ్నం 1.20 – జాన్ సైదా పరుపుల కొట్టు అంటుకుంది.

1.26 – ఫైర్ ఆఫీసుకు ఫోను చేశాను.

1.40 – ఇంజను వచ్చింది.

3.10 – మంటలు పూర్తిగా ఆరాయి.

ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో లాగ్ బుక్ రాసిన చేయి ఇది. టైము వేయకపోతే ఏదీ జరిగినట్టు అనిపించదు.

ప్రాణాలు పోలేదు. జాన్ సైదా జుమ్మా నమాజుకు వెళ్లాడు. కొట్టులో అతని భార్య మున్నీసా ఒక్కతే ఉంది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

మా ఇల్లు సందుకు ఇవతల కాబట్టి ఏమీ కాలేదు. కిటికీ అద్దం ఒకటి పగిలింది. అంతవరకు అదృష్టమే.

10-3-2007

పొద్దుట నుంచీ వచ్చిన వాళ్లందరికీ ఒకే కథ చెప్పి నోరు నొప్పి పుట్టింది. నేను అన్నానికి కూర్చున్నాను. ఎక్కడో దబ్‌దబ్ అని చప్పుడు. పక్కింట్లో కారం దంచుతున్నారు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత కాస్సేపటికి వాసన వచ్చింది. దూది కాలితే ముందు పొగ, తర్వాతే మంట. సందులోంచి తిరిగి రోడ్డు మీదికి వెళ్లేసరికి మున్నీసా ముందు గుమ్మంలోంచి వస్తోంది. తల మీద పరుపు గలేబు కప్పుకుంది. చేతులు ముందుకు చాపి, పచ్చి గోరింటాకు పెట్టుకున్న మనిషి నడిచినట్టు నెమ్మదిగా నడిచి వచ్చింది. ఏడవలేదు. “ఆయన నమాజుకెళ్లారమ్మా” అంది నాతో, అదొక్కటే చెప్పాల్సిన మాటయినట్టు.

దూది ఏకే మిషను పక్కన ఉన్న స్విచ్చు బోర్డు దగ్గర మొదలైందట. మిషను కొట్టు మధ్యలో ఉంటుంది. ఈమె వెనకాల కూర్చుని గలేబులు కుడుతోంది. ముందుకు రావాలంటే మంట దాటి రావాలి. దాటి వచ్చింది.

“దూది కొట్టు కదండీ, ఎప్పటికైనా తప్పదు” అని అందరూ అంటున్నారు. నేనూ మూడుసార్లు అన్నాను.

జాన్ సైదా తొమ్మిదేళ్లుగా మా కొట్టులో ఉన్నాడు. ఒక్క మాట తేడా లేదు.

11-3-2007

బాపట్ల నుంచి తమ్ముడు బసవేశ్వరరావు ఫోను. వాడు రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాస్తాడు. ఈ కొట్టు అద్దె అగ్రిమెంటు రాసిందీ వాడే.

“ఏడో షరతు ఒకసారి చదువుకో అక్కా” అన్నాడు.

బీరువా తీసి చదివాను. ‘సదరు షాపులో అగ్నిప్రమాదము వగైరా ఏవి సంభవించినను బాధ్యత అద్దెదారునిదే గాని యజమానురాలికి ఎట్టి సంబంధము లేదు.’

“చూశావా, నీకేం భయం లేదు” అన్నాడు.

నేను భయపడుతున్నానని వాడికి ఎవరు చెప్పారు? పెట్టేశాను. సంతకం పెట్టిన రోజున జాన్ సైదా ఈ కాగితం చదవలేదు. నేనూ చదవలేదు. మా ఆయన చదివి ఉంటారు. ఆయనకు అన్నీ చదివే అలవాటు.

13-3-2007

ఫైరాఫీసరు వచ్చాడు. శివనాగరాజు అని, నలభై ఏళ్లుంటాయి. మాట మెత్తన. ఆఫీసు బాపట్లలోనట, తెనాలి విచారణ కూడా ఆయనకే అప్పగించారు. మసి నీళ్లలో బూట్లతో నడుస్తూ టేపు పెట్టి కొలుస్తున్నాడు. జాన్ సైదా గుంటూరు నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది.

ముందు ఫ్యూజు చూశాడు. సన్నటి తీగ ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ.

“ఇది ఎవరు వేశారండి?”

“నేనేనండి. మిషనేసినప్పుడల్లా ఫ్యూజు పోతుంటేనూ.”

“ఫ్యూజు పోవడమే దాని పనండి. అది పోలేదు కాబట్టి వైరు కాలింది. వైరింగు ఎప్పటిది?”

జాన్ సైదా నా వైపు చూడలేదు. “పాతదేనండి” అన్నాడు. వైరింగు మార్పించమని నన్ను రెండుసార్లు అడిగాడు. వచ్చే ఏడాది చూద్దాంలే అన్నాను. ఏ ఏడాదికి ఆ ఏడాది అదే మాట.

తర్వాత ఆఫీసరు వెనక్కి వెళ్లాడు. మునిసిపాలిటీ ప్లాను మడత విప్పాడు. అందులో నైరుతి మూలన వెనక తలుపు ఉంది. ఎదురుగా కూడా తలుపు ఉంది, సగం కాలి. దాన్ని చేత్తో లోపలికి లాగితే వచ్చింది. వెనక ఇటుక గోడ.

గడియను వేలితో కదిపి చూశాడు. తర్వాత, “గడియ తీసి ఉంది” అన్నాడు. “ఈ దారి ఎవరు మూశారండి?”

నేను గొంతు సవరించుకుంటున్నాను. ఈలోపే జాన్ సైదా అన్నాడు, “నేనేనండి. దొంగల భయానికి.”

ఆఫీసరు రాసుకున్నాడు. వాంగ్మూలాలు 26వ తేదీన బాపట్లలో తీసుకుంటాడట. మనిషికి గాయాలయ్యాయి కాబట్టి, ఎవరి నిర్లక్ష్యమని తేలితే వాళ్ల మీద పోలీసు కేసు అవుతుందట. దారి తనే మూసుకున్నానంటే ఇన్సూరెన్సు వాళ్లు కూడా చేతులు దులుపుకుంటారని మెల్లగా చెప్పాడు. జాన్ సైదా తల ఊపాడు.

నేను అబద్ధం చెప్పలేదు. అడిగింది నన్ను కాదు.

14-3-2007

ఏమీ లేదు. ఎండ ముదిరింది.

15-3-2007

దొంగల భయమా, పాడా. ఆ గోడ కట్టించింది నేను.

ఇది నేను రాసుకునే పుస్తకం. ఇందులో కూడా చుట్టూ తిరగడం ఎందుకు?

మా ఆయన 2002 నవంబరులో పోయారు. పడిపోయింది ఆ వెనక తలుపు ఎదురుగా, సందులో. నాలుగు నెలల తర్వాత చేబ్రోలు నుంచి సిద్ధాంతిగారిని ఎవరో తీసుకొచ్చారు. ఆ రోజుల్లో ఊరంతా వాస్తు పిచ్చే. బాగున్న మెట్లు పగలగొట్టి పక్కకు జరుపుకునేవాళ్లు. సిద్ధాంతి అరచేతిలో దిక్సూచి పెట్టుకుని కొట్టూ ఇల్లూ తిరిగి, “నైరుతిలో నడక ఉంది తల్లీ. యజమానికి గండం” అన్నాడు.

“యజమాని వెళ్లాక చెబితే ఏం లాభమండి” అన్నాను.

“మిగిలినవాళ్ల కోసం” అన్నాడు. మిగిలింది నేనొక్కదాన్నే. అయినా సరేనన్నాను.

మూయడానికి కూడా ఒక పద్ధతి చెప్పాడు. ఏడాది దాకా తలుపు చెక్క తీయకూడదు, ద్వారబంధం కదపకూడదు, బయటి వైపు నుంచి మాత్రం ఇటుక కట్టెయ్యాలి. ఏడాది తర్వాత తలుపు తీసేసి లోపల కూడా పూడ్చుకోవచ్చు. తాపీమేస్త్రి అంద్రెయ ఒక్క పూటలో కట్టేశాడు. సందులో నిలబడి చూస్తే గోడ. లోపల నిలబడి చూస్తే తలుపు, గడియతో సహా. ఏడాది తిరిగాక ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

జాన్ సైదాను అడిగే కట్టించాను. “మీ మనసుకు ఎలా తోస్తే అలా చేయండమ్మా” అన్నాడు. తనే ఇటుకలు కూడా అందించాడు. గోడ ఆరకముందే తలుపు ముందు దూది బస్తాలు పేర్చేశాడు. చోటు కలిసొచ్చిందని సంతోషించాడు కూడా.

చివరి ఇటుక పెట్టాక నాకు గుండె మీద బరువు దిగింది. ఆయన పోవడానికి ఒక కారణం దొరికింది, దాన్ని సిమెంటుతో మూసేశాం. ఆ తర్వాత నాలుగేళ్లు ఏ కీడూ జరగలేదు కదా.

17-3-2007

జాన్ సైదా వచ్చాడు. మున్నీసాను గుంటూరు నుంచి రేపల్లె, వాళ్ల అమ్మగారింటికి పంపారట. చేతులకు కట్లు. వేళ్లు ఎంతవరకు ముడుస్తుందో చెప్పలేమన్నారట. పరుపు కుట్టే మనిషికి వేళ్లే కదా అన్నీ.

“ఆ రోజు అలా ఎందుకు చెప్పావు?” అని అడిగాను.

“మీకెందుకండి ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరగడం. ఫ్యూజు తీగ ఎటూ నాదే. దాంతో పాటు ఇదీను.”

“కేసవుతుందిరా.”

“అయితే అవుద్దండి.”

కాఫీ ఇచ్చాను. తాగలేదు. చల్లారిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “రేపల్లె ఇప్పుడే వెళ్లకండమ్మా. ఆవిడ పడుకునే ఉంటోంది” అన్నాడు.

మంచివాడు. ఇలాంటి అద్దెదారు ఎక్కడ దొరుకుతాడు. మంచివాడు.

18-3-2007

మంచివాడు.

20-3-2007

వెళ్లకండి అని రెండోసారి కూడా చెప్పి పంపాడు. దాంతో అనుమానం వచ్చి పొద్దున 7.10 రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఇరవై రెండేళ్లు డ్యూటీకి ఎక్కిన బండి. కిటికీలోంచి భట్టిప్రోలు దిబ్బ కనబడగానే, ఇప్పటికీ చెయ్యి పాసు కోసం బ్యాగులోకి వెళ్తుంది.

మున్నీసా వాళ్ల అమ్మ ఖతీజా తలుపు తీసింది. మున్నీసా నులకమంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ తెల్ల గుడ్డ మూటలు. నాలుగేళ్ల సుమయా పక్కన కూర్చుని వాళ్లమ్మ నోట్లో బత్తాయి తొన పెడుతోంది. పిల్లకు అది ఆటగా ఉంది.

బాగున్నావా అని అడగలేకపోయాను. తనే నన్ను అడిగింది, “అన్నం తిన్నారామ్మా” అని.

ఖతీజా టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక మున్నీసా తనంతట తనే చెప్పింది. ఎవరూ అడగనట్టుంది ఇంతవరకు.

“పొగలో ఏం కనపళ్లేదమ్మా. ముందుకెళ్తే మంట. వెనకాల తలుపుందిగా అనుకున్నా. బస్తాలు లాగేశా. గడియ బిగుసుకుపోయింది, రెండు చేతుల్తో పీకా. తలుపు ఇటొచ్చింది. హమ్మయ్య అని చెయ్యి పెడితే గోడమ్మా.”

సుమయా ఇంకో తొన వాళ్లమ్మ నోటికి అందించింది.

“గోడని నాకు తెలీలేదు. బయట ఇంకో తలుపుందేమో, వేసుందేమో అనుకున్నా. తట్టా. మీ వంటిల్లు అక్కడే కదా. తడితే మీరొచ్చి తీస్తారనుకున్నా.”

కారం దంచుతున్నారు కాబోలు అనుకున్నాను నేను. పెరుగు కలుపుకుంటూ.

“ఆ గోడ ఎప్పుడు కట్టారమ్మా?” అంది.

“ఎప్పుడో” అన్నాను. “పాతకాలంలో ఎప్పుడో.”

“నేను కొట్టులో పనికి రాకముందా?”

“అయి ఉంటుంది.”

“అయితే ఆయనకీ తెలీదన్నమాట” అంది. ఆ మాట అంటున్నప్పుడు మొహం తేటపడింది. “నేను అదే అనుకున్నా. తెలిస్తే చెప్పరా.”

టీ తాగి 12.30 బండికి వచ్చేశాను.

ఆ గోడ కట్టిన నెలలో మున్నీసా సుమయా పురుటికి ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద ఉంది. అంతకుముందు కొట్టుకు ఎప్పుడో ఒకసారి వచ్చేది, ఆ తలుపు మూసి ఉండగానే చూసింది; పురిటి తర్వాత కుట్టుపనికి కూర్చునేసరికి బస్తాలు పేర్చి ఉన్నాయి.

మొన్న అడిగింది నన్ను కాదన్నాను. ఇవాళ అడిగింది నన్నే.

21-3-2007

రాయను.

22-3-2007

వంటింటి గుమ్మం నుంచి ఆ గోడకు నాలుగు అడుగులు. నడిచి చూశాను. గోడ మీద చెయ్యి పెట్టాను. మసి ఇటు వైపుకు రాలేదు. అంద్రెయ పనితనం గట్టిది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత రోజుకొకసారి వాడేదాన్ని. ఇకమీదట ఆ మాట నా నోట రాదు.

23-3-2007, శుక్రవారం

జుమ్మా అయ్యాక జాన్ సైదా కాలిన మిషను తీయించడానికి వచ్చాడు. మనుషులు వెళ్లేదాకా ఆగి, సందులోకి పిలిచాను.

“రేపల్లె వెళ్లాను” అన్నాను.

అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. “ఆవిడేం అడిగింది?”

“గోడ ఎప్పుడు కట్టారని.”

“మీరేం చెప్పారు?”

“నీకు తెలియదని చెప్పాను.”

చేతికంటిన మసి లుంగీకి తుడుచుకున్నాడు.

“పురుడు పోసుకుని వచ్చాక చెబుదామనే అనుకున్నానండి. బస్తాలు అడ్డం ఉన్నాయి, తలుపే కనపడట్లేదు, చెప్పేదేముందిలే అనుకున్నా. తరవాత నాకే గుర్తులేదు. ఒట్టండి, గుర్తులేదు. ఆసుపత్రిలో చెప్పింది, గడియ తీశానని. అప్పుడు గుర్తొచ్చింది.” ముక్కు తుడుచుకున్నాడు. “ఆఫీసరు ముందు వందసార్లు ఒప్పుకుంటానండి. జైలుకైనా వెళ్తా. కానీ ఆవిడ మొహం చూసి నాకు తెలుసని ఎలా చెప్పనండి?”

ఇన్నాళ్లూ మంచివాడు, మంచివాడు అని రాసుకున్నాను. మంచివాడే. కానీ నన్ను కాయడానికి కాదు నెత్తిన వేసుకున్నది. నా గోడ వెనక అతను దాక్కున్నాడు, అతని మాట వెనక నేను దాక్కున్నాను. మధ్యలో మున్నీసా గోడ తడుతూ నిలబడింది.

“ఫ్యూజు తీగ నీది” అన్నాను. “బస్తాలు నీవి. చెప్పకపోవడం నీది. గోడ నాది, వైరింగు నాది. ఎవరిది వాళ్లం చెప్పుకుందాం.”

“మీకు కేసవుద్దండి.”

“అయితే అవుతుంది” అన్నాను. ఆ మాట అతని దగ్గర నేర్చుకున్నదే.

25-3-2007

రేపు బాపట్ల వెళ్లాలి. దానికి ముందు ఇది ఇక్కడ రాయాలి. ఎవరికీ చెప్పలేదు, రాయనూ లేదు.

2002 నవంబరు 18, సోమవారం. పొద్దున 6.15. గుండెల మీద బరువుగా ఉంది అనసూయా అన్నారు. రాత్రి తిన్న పెసర పునుకుల గ్యాసు అన్నాను. వాము నలిపి ఉప్పు వేసి వేడి నీళ్లతో ఇచ్చాను. చెమటలు పడుతున్నాయి అన్నారు. ఫ్యాను పెంచాను. ఆ వేళ నాకు మార్నింగు డ్యూటీ. “వెళ్లనా?” అని అడిగాను. “వెళ్లిరా” అన్నారు. ఎన్నడూ దేనికీ అడ్డు చెప్పే మనిషి కాదు. 7.10 బండి ఎక్కాను.

ఎనిమిది గంటలకు నా కోసమో మంచినీళ్ల కోసమో సందులోకి వచ్చి పడిపోయారు. చూసింది జాన్ సైదా. ఆ నైరుతి తలుపు లోంచే పరుగెత్తుకు వచ్చాడు. సందు చుట్టూ తిరిగితే ఆలస్యమని ఆయన్ని భుజాన వేసుకుని ఆ తలుపులోంచే కొట్టు దాటించి, రోడ్డు మీద రిక్షా ఎక్కించాడు. ఆసుపత్రికి వెళ్లేదాకా ప్రాణం ఉంది. రేపల్లె ఎక్స్ఛేంజికి ఫోను వస్తే ఆ కాల్ తీసుకుంది నేనే.

ఆ రోజు మాకు సాయపడింది ఏదైనా ఉంటే అది ఆ తలుపొక్కటే. దాన్నే పట్టుకుని మూయించాను.

తలుపు కాదు. వాము నీళ్లు ఇచ్చి బండెక్కిన నేను. బండి ఎక్కకుండా ఉంటే బతికేవారేమో, బతికేవారు కాదేమో. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఎక్కకుండా ఉండాల్సింది.

26-3-2007. బాపట్ల

ఇది రైల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

తమ్ముడు ఆఫీసు వరండాలోనే కాచుకుని ఉన్నాడు. సంగతి పసిగట్టాడు.

“వాడే ఒప్పుకున్నాడు కదక్కా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నిన్నెవరూ వేలెత్తి చూపలేదే, భుజాలెందుకు తడుముకుంటావు?”

“కంద కాదురా బసవా, అది మనిషి” అన్నాను.

“ఏడో షరతు ఏడ్చింది కదా అక్కడ. దాని కోసమే కదా రాసింది నేను.”

“బాగానే రాశావు. అందులో వెనక తలుపు మూయించే హక్కు నాకుందని మాత్రం రాయలేదు.”

వాడు అలిగి బయటే కూర్చున్నాడు. అరవై దగ్గర పడుతున్నా అలగడం మానలేదు.

శివనాగరాజు గారు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. తేదీ, మేస్త్రి పేరు, ఎన్ని ఇటుకలు, అన్నీ. ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. లావు తీగ వేయడం, దారికి సరుకు అడ్డం పెట్టడం అద్దెదారు తప్పు అన్నారు. ప్లానులో ఉన్న దారి మూయడం, కాలం చెల్లిన వైరింగు ఉంచడం యజమాని తప్పు అన్నారు. “అగ్రిమెంటులో ఏం రాసుకున్నా ఇది మారదండి. మంటకి షరతులు చదవడం రాదు కదా.”

తర్వాత అడిగారు, “అసలెందుకు మూయించారండి?”

“మా ఆయన పోయారండి.”

కలం ఆపారు. “దానికీ తలుపుకీ ఏంటండి సంబంధం?”

“ఎట్టి సంబంధమూ లేదండి” అన్నాను.

అదే రాసుకున్నారు. సంతకం పెట్టాను. నాలుగున్నరేళ్లలో మొదటిసారి ఏడుపు వచ్చింది, అదీ ఫైరాఫీసులో, ఎర్ర బకెట్ల పక్కన. ఆయన లేచి బయటికి వెళ్లి, కాసేపు ఆగి మంచినీళ్లతో వచ్చారు.

నా తర్వాత జాన్ సైదా వెళ్లాడు. దొంగల భయం మాట వెనక్కి తీసుకున్నాడు. గోడ సంగతి తనకు తెలుసని, భార్యకు చెప్పలేదని చెప్పాడు. ఇద్దరి మీదా కేసు ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు.

తిరుగు బండిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. బండి నిడుబ్రోలులో ఆగింది. అక్కడ అతను రెండు టీలు కొన్నాడు. తాగాం.

30-3-2007

జాన్ సైదా రేపల్లె వెళ్లి తనే చెప్పాడు. మున్నీసా ఏమీ అనలేదట. రెండు రోజులుగా ఏమీ అనడం లేదట. తిట్టినా బాగుండేదండి అన్నాడు.

వాళ్ల పక్కింటికి ఫోను చేసి పిలిపించాను. ఖతీజా ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుంది. గోడ కట్టించింది నేనని, మొన్న నీతో అబద్ధమాడానని చెప్పాను.

“తెలిసిందమ్మా” అంది. తర్వాత, “నాలుగేళ్లు దాని పక్కనే కూర్చుని కుట్టా” అంది. అంతే. ఫోను పెట్టేసిన చప్పుడు.

ముప్ఫై నాలుగేళ్లలో కొన్ని లక్షల లైన్లు తీసి ఉంటాను. రిసీవరు ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

19-4-2007

అంద్రెయ వచ్చి గోడ పగలగొట్టాడు. కట్టడానికి ఒక పూట, తీయడానికి రెండు పూటలు. “ఆ రోజే అనుకున్నానమ్మా, ఇదెందుకా అని” అన్నాడు. అనుకున్నవాడు ఆ రోజే అనొచ్చు కదా. అతన్ని అని ఏం లాభం, నేనూ అనుకున్నవి చాలా అనలేదు.

కొట్టులోకి వెనక నుంచి వెలుతురు వచ్చింది. నా వంటింట్లోకి కొట్టు కనబడుతోంది.

6-5-2007

కొత్త వైరింగు పూర్తయింది. కొత్త తలుపు పెట్టించాను, బయటికి తోసేది. సిద్ధాంతిగారు వింటే ఏమంటాడో. ఇన్సూరెన్సు సంగతి ఇంకా తేలలేదు. కేసు వాయిదా జూలైలో.

ఏడో షరతు కొట్టేసి నా చేత్తో కొత్తది రాశాను. ‘వెనక తలుపు యజమానురాలు మూయించకూడదు. దాని ముందు అద్దెదారు దిండు కూడా పెట్టకూడదు. వైరింగు నాది. ఫ్యూజు ముట్టుకోకపోవడం అతనిది. ఇసుక బకెట్లు నావి, అవి నిండుగా ఉంచడం అతనిది. కొట్టులో పనిచేసే ప్రతి మనిషికీ దారి చూపించడం ఇద్దరిదీ.’

తమ్ముడు చదివి, “ఇది దస్తావేజు భాషేనా” అన్నాడు. వాడి అలక తీరినట్టే.

ఈసారి సంతకం పెట్టేముందు జాన్ సైదా రెండుసార్లు చదివాడు.

11-6-2007, సోమవారం

10.05 – మున్నీసా వచ్చింది.

రిక్షా దిగి నా వైపు చూడకుండా కొట్టులోకి వెళ్లింది. జాన్ సైదా దూరంగా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఇంట్లో మాట్లాడుతోందట, అవసరం ఉన్నంతవరకు. నేను నా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, పిలిస్తే పలకడానికి. పిలవలేదు.

తెరిచి ఉన్న తలుపులోంచి కనబడుతోంది. మధ్యలో కొత్త మిషను దగ్గర నిలబడి కొట్టంతా ఒకసారి చూసింది. నెమ్మదిగా వెనక్కి వచ్చి తలుపు మోచేత్తో లాగి మూసుకుంది. ఇక నాకు ఏమీ కనబడలేదు. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది, చాలాసేపటికి. అడుగులు ముందుకు వెళ్లాయి. ఆగాయి. మళ్లీ వెనక్కి వచ్చాయి.

గడియ కదులుతోంది. ఆగుతోంది. మళ్లీ కదులుతోంది. వెళ్లి బయటి నుంచి లాగుదామా అనిపించింది. లాగినా రాదు, గడియ లోపల ఉంది. నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. కళ్లు మూసుకుని ఉంది. అలాగే సందులోకి వచ్చింది, నాలుగు అడుగులు వేసి నా గుమ్మం ముందు ఆగి కళ్లు తెరిచింది. చేతుల మీద చర్మం కొత్తగా, గులాబీ రంగులో ముడతలు పడి ఉంది. వేళ్లు సగమే ముడుస్తున్నాయి.

“మిషను దగ్గర్నుంచి పదకొండడుగులమ్మా” అంది.

తల ఊపాను.

“గడియ కాస్త కిందకి పెట్టించండి. ఈ చేతులు అంత పైకి లేవట్లేదు.”

మళ్లీ అదే తలుపులోంచి లోపలికి వెళ్లి, వెలుతురు పడే చోట చాప పరుచుకుని కూర్చుంది.

10.40 – వడ్రంగికి కబురు చేశాను. రేపు ఏడింటికి వస్తానన్నాడు. ఇవాళే రమ్మన్నాను.